కప్పుకోని కండువా

మా అమ్మాయి అమెరికాలో పుట్టింది, ఆ దేశపు పౌరురాలు. సింగపూర్ వచ్చి ఇన్నేళ్లయినా, అమెరికాలో మేం చివరగా ఉన్న ఊరి చిరునామా మీదే తనకు ఓటు వస్తుంది. పద్దెనిమిది నిండగానే ఓటరుగా నమోదు చేసుకుంటానంది. బిషాన్‌లో మా ఫ్లాట్‌లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో వివరాలు నింపుతూ, ఏ పార్టీ అని పెట్టాలో నన్నడిగింది.

ఆ ప్రశ్నకే నాకు ఒళ్లు మండింది. పార్టీ పేరు రాయించుకోవడమంటే కండువా కప్పుకోవడమేనని నా లెక్క. గుంటూరు దగ్గర మా ఊళ్లో ఫలానా ఇల్లు ఫలానా పార్టీదని ముద్ర పడితే పింఛను నుంచి వీధి కుళాయి దాకా అన్నిటికీ ఆ ముద్రే చూసేవాళ్లు.

"మనకెందుకమ్మా ఆ గోల? ఏ పార్టీ లేదని పెట్టెయ్. ఎవరికి కావాలంటే వాళ్లకి వేసుకోవచ్చు," అన్నాను.

"షూరా నాన్నా?"

షూరేనన్నాను. అక్కడ ఉద్యోగానికి ఉండి వచ్చినవాణ్ని, ఆ దేశంలో నాకు ఓటే లేదు. అయినా తడుముకోలేదు.

అక్కడ అసలు ఎన్నికకు ముందు ప్రైమరీ అని ఒకటి జరుగుతుంది. ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చేది అదే. దానికి తనకు బ్యాలెట్ రాలేదు. అడిగితే ఎన్నికల ఆఫీసు నుంచి మర్యాదగా జవాబొచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో ఎలా ఉన్నా, తన రాష్ట్రంలో మాత్రం పార్టీలో నమోదైనవాళ్లకే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. మార్చుకునే గడువు దాటిపోయింది. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఎవరైనా ఎవరికైనా వేయవచ్చు.

"చూశావా, నవంబరులో వేయొచ్చుగా," అన్నాను, నేనే గెలిచినట్టు. తను లాప్‌టాప్ మూసేసింది.

ప్రైమరీ అయిపోయిన తర్వాత ఒక ఆదివారం వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే అంకుల్ మమ్మల్ని హాకర్ సెంటర్‌కు టిఫినుకు పిలిచారు. పక్కనే మలేసియాలోని జొహోర్‌లో పుట్టి ఇక్కడ స్థిరపడిన తెలుగాయన. మేం వెళ్లేసరికి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపి ఉంచారు, ఇక్కడివాళ్ల మాటలో చోప్ చేశారు. ఇక్కడ ఓటు వేయకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారని చెబుతూ, మరి నువ్వు వేశావా అని మా అమ్మాయిని అడిగారు.

"కెనాట్ లా అంకుల్. ప్రైమరీ అంటే ఇలాగే, ఫస్ట్ చోప్ చెయ్యాలి," అని టిష్యూ ప్యాకెట్ చూపించింది. "నేను చెయ్యలేదు. మై మిస్టేక్."

నాకు తల తీసేసినట్టయింది. తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోట్లో పరోటా ఉందన్న సాకుతో నములుతూ కూర్చున్నాను.

"ఎవురికి వెయ్యాలనుకున్నావు పాపా?" అన్నారు అంకుల్.

అమెరికాలో తన చిన్నప్పటి స్కూల్లో లైబ్రరీ చూసుకునే టీచరట. "నాన్న ఆఫీసు నుంచి లేటయినప్పుడల్లా నన్ను తన దగ్గర కూర్చోబెట్టుకునేది. ఈసారి ప్రైమరీలో నిలబడింది. ఓడిపోయింది." ఆ ప్రాంతంలో ఎప్పుడూ ఆవిడ పార్టీదే గెలుపట, అందుకని ప్రైమరీలో తేలిందే లెక్కట.

ఆవిడ నాకు గుర్తుంది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క గదిలో మాత్రం ఉంచి, పిల్లతో కూర్చుని ఉండేది. ఏనాడూ విసుక్కోలేదు. అంకుల్ ఒక్క మాటలో అడిగింది ఇన్ని నెలలుగా నాకు అడగాలని తోచనే లేదు. దానికి నేను ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో, యీషున్ స్టేషన్ దాటాక, చివరికి నేనే, "నవంబరులో ఎవరికి వేస్తావమ్మా?" అన్నాను.

కిటికీలోంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"ఇప్పుడడుగుతున్నావా నాన్నా? దాంట్లో ఆమె పేరే ఉండదుగా."