పాసు ఏం జేయదప్పా!

పత్తికొండ ఈరప్ప కుక్క ఎవరినీ ఏమీ చేయదన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఈరప్పే చెప్పాడు మరి, ఒక్కొక్కరికీ, వాళ్లు పరుగెత్తుతుండగా! అరుగెక్కిన వాళ్లకు చెప్పాడు, ఆటో వెనక నక్కిన వాళ్లకు చెప్పాడు. బళ్లో పాఠాలు చెప్పే శివలీల టీచరు ఒకరోజు స్కూటీని నడిరోడ్డు మీద పడేసి ఎవరింట్లోకో దూరిపోతే, వాకిట్లో నిలబడి ఆమెకూ చెప్పాడు.

"ఏం జేయదమ్మా అది! వాసన జూస్తాది, అంతే!"

వాసన చూడడానికి ఆమె ఏమన్నా బిర్యానీ పొట్లమా? ఈ మాట ఈరప్పతో ఎవరూ అనలేదు. ఎట్లా అంటారు? మంచి మనిషి. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. ఆదోని బస్సు కానీ, కర్నూలు బస్సు కానీ, ఈరప్ప డ్యూటీలో ఉన్నాడంటే ముసలమ్మకు సీటు దొరికేది, టమాటా గంపకు చోటు దొరికేది. నడవలేని వాళ్లుంటే స్టాపు కాని చోట కూడా విజిలేసి దింపేవాడు. అలాంటి మనిషిని పట్టుకుని నీ కుక్కను కట్టేసుకోవయ్యా అనాలంటే ఎవరికి నోరొస్తుంది!

రిటైరయ్యాక ఆయన ఇంటికి తెచ్చుకున్నవి రెండు. ఒకటి గంటతాడు. తను మొట్టమొదట ఎక్కిన పాత బస్సును తుక్కుకు వేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. వెనక నిలబడి ఒకసారి లాగితే ఆగు అని, రెండుసార్లు లాగితే పోనీ అని డ్రైవరు నెత్తిన గంట మోగే తాడు అది. గోడకు మేకు కొట్టి తగిలించాడు. దాని దుమ్ము ఆయనే దులపాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు.

రెండోది కుక్క. ఆఖరి రోజు ఆఖరి ట్రిప్పులో, తుగ్గలి దగ్గర ఒక కుక్కపిల్ల బస్సెక్కి ఆయన సీటు కింద ముడుచుకుంది. దించితే మళ్లీ ఎక్కింది. టికెట్టు లేకుండా అంత దర్జాగా వచ్చింది గనక పాసు అని పేరు పెట్టాడు.

"బాగ పెట్టినావులే పేరు. దానికి తగ్గట్టే ఊర్లో ఒక్క కరెంటు స్తంభాన్నీ ఇడిసిపెట్టల్యా," అంది ఆయన భార్య రామేశ్వరమ్మ.

"రైట్ రైట్" అంటే పాసు నడుస్తుంది. "హోల్డాన్" అంటే ఆగుతుంది, ఎదురుగా మనిషి లేకపోతే. మనిషి కనబడితే హోల్డానూ లేదు, గీల్డానూ లేదు. ఉరికిపోయి, మీద కాళ్లు పెట్టి, నాలుగు నాకులు నాకి మరీ వెనక్కి వస్తుంది. మెడకో తాడు వేయొచ్చు గదప్పా అని ఎవరైనా నసిగితే, "తాడేసేకి అది ఎద్దా, ఎనుమా?" అని ఈరప్ప నవ్వేసేవాడు.

పాసుకు అందరికన్నా హుసేనప్ప మీద ప్రాణం. హుసేనప్ప దూది ఏకి పరుపులు కుట్టే మనిషి, ఈరప్పకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. తెల్లవారుజామున ఆయన నమాజుకు మసీదుకు బయల్దేరితే, ఈరప్ప కుక్కతో నడకకు బయల్దేరేవాడు. వీధి మొదట్లో ఎదురుపడేవారు. నమాజు అయ్యాక ఇద్దరూ బస్టాండు ముందు టీ తాగేవారు. ఆ టీ దగ్గర గొప్ప మాటలేం ఉండవు. మోకాళ్ల నొప్పులు, రాని వాన, పడిపోయిన టమాటా ధర, అంతే. కానీ ఆ టీ పడకపోతే ఈరప్పకు తెల్లారినట్టే ఉండదు.

ఎదురుపడ్డప్పుడల్లా పాసు వెళ్లి హుసేనప్ప లుంగీని తడితడిగా నాకేది.

"ఏం జేయదప్పా!" అనేవాడు ఈరప్ప.

"పర్వాల్యాలేప్పా," అని హుసేనప్ప నవ్వేవాడు. నాలుగడుగులు వేసి, "అయ్యో, కండ్లద్దాలు మర్సినా," అని ఇంటికి తిరిగేవాడు. ఒకరోజు అద్దాలు, ఒకరోజు టోపీ, ఇంకోరోజు చేతిగుడ్డ.

"వయసైపోయెనప్పా నీకు! రేపు మసీదు యాడ ఉండాదో కూడా మర్సిపోతావు," అని ఈరప్ప ఆటపట్టించేవాడు.

ఒకరోజు హుసేనప్ప ఎదురు రాలేదు. టీకీ రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు ఈరప్ప. వారమైంది, పదిహేను రోజులైంది. ఒంటరిగా తాగే టీ ఆయనకు గొంతు దిగలేదు. చివరికి సుంకులమ్మను అడిగాడు. పాసును చూసి టమాటా గంపతో సహా రోజూ గోడకు అతుక్కుపోయే మనిషి ఆమె.

"హుసేనప్పనా? మార్కెట్టు చుట్టూ తిరుక్కోని మసీదుకు పోతాండాడు గదప్పా, కుంటుకుంటా. పాపం, ఆ మోకాళ్లతో శానా దూరం అయితాది," అంది సుంకులమ్మ.

అంటే రోగం కాదు, రొష్టు కాదు. తనను తప్పించుకు తిరుగుతున్నాడు! ఎందుకా అని ఈరప్ప రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకుంటే, వీపు కింద మెత్తగా తగిలింది కారణం. ఫోము పరుపు! నడుము నొప్పని పోయిన నెలే కర్నూలు నుంచి తెచ్చుకున్నాడు. పరుపులు కుట్టే స్నేహితుణ్ణి ఊళ్లో పెట్టుకుని పరాయి ఊరి పరుపు! తెలిసిపోయింది. ఎవరో హుసేనప్ప చెవిన వేశారు.

తెల్లారి తిన్నగా హుసేనప్ప ఇంటికి పోయాడు. హుసేనప్ప వసారాలో కూర్చుని దూది విడదీస్తున్నాడు. ఆయన భార్య గుల్జార్ బీ కొళాయి దగ్గర బట్టలుతుకుతోంది. ఈరప్ప కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"తప్పు నాదేనప్పా. నడుము నొప్పికి తెచ్చుకున్నా, నీ మీద అపనమ్మకంతో గాదు. ఈ పొద్దే తీసి అటక మీద యేస్తా. ఫోము పరుపు గురించి నువ్వింత మనసులో పెట్టుకుంటావనుకోల్యా."

హుసేనప్ప చేతిలో దూది అట్లాగే ఆగిపోయింది. "ఫోము పరుపా? నువ్వా? ఎప్పుడు తెచ్చినావప్పా?"

ఈరప్ప నాలుక కరుచుకున్నాడు. గుల్జార్ బీ చేతిలోని తడిబట్టను బండ మీద కొట్టి లేచింది.

"పరుపు గాదన్నా, లుంగీ! మీ పాసు నాకిన లుంగీ! కుక్క ఎంగిలి తగిలితే బట్ట నాపాక్ అయితాది, దాంతో నమాజు కూడదు. ఈయప్ప ఇంటికొచ్చి మార్చుకోని పోయేసరికి ఆడ నమాజు అయిపోయేది. చెప్పప్పా ఈరప్పన్నకు అంటే, వద్దే, బాధపడతాడు, దాన్ని పిల్లోని మాదిరి సాకుతాండాడు అంటాడు. ఆ మోకాళ్లు అరిగేదాకా తిరుగుతాడు గానీ నోరు తెరవడు!"

"నిన్నెవరు చెప్పమన్యారే?" అన్నాడు హుసేనప్ప తల వంచుకుని.

"మరి కండ్లద్దాలు?" అన్నాడు ఈరప్ప నీరసంగా.

"యాడ మర్సినా? నా మొగం మీదే ఉండె గదప్పా. నువ్వు సూడల్యా?"

నిజమే. ఆ మనిషి అద్దాలు పెట్టుకుని ఉండే అద్దాలు మరిచానన్నాడు, తను ఆ ముఖంలోకి చూసి నవ్వి, వయసైపోయిందన్నాడు. ఈరప్పకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిన్నగా ఇంటికొచ్చి, స్టూలెక్కి, మేకుకున్న గంటతాడు తీశాడు.

"అయ్యయ్యో, ఆ తాడా! నన్ను ముట్టుకోనీవే, దానికి కడతాండావా?" అంది రామేశ్వరమ్మ.

"మంచి తాడే కట్టాలమ్మీ. మామూలు తాడైతే దానికి నామోషీ," అన్నాడు ఈరప్ప. అప్పుడే గుల్జార్ బీకి కబురు పంపించాడు, రేపటి నుంచి హుసేనప్పను దగ్గరి దారినే పొమ్మని.

మర్నాడు చీకటితోనే పాసు మెడకు తాడుతో ఈరప్ప వీధి మొదట్లో నిలబడ్డాడు. పాసు అలిగి రోడ్డు మీద కూలబడింది. గంపతో వస్తున్న సుంకులమ్మ అలవాటుగా గోడకు జరిగి, "ఏం జేయదు గదప్పా?" అంది.

"ఏం జేస్తాదో నాకేం దెల్సు తల్లీ. పట్టుకున్యా, నువ్వు పో," అన్నాడు ఈరప్ప.

హుసేనప్ప వచ్చాడు, ఉతికిన లుంగీ, తెల్ల జుబ్బా. పాసు ఎగిరింది. "హోల్డాన్!" అని ఈరప్ప తాడు బిగపట్టి గోడ వైపు జరిగాడు. హుసేనప్ప దాటి, తిరిగి చూసి, మసీదు వైపు నడిచాడు. ఆ రోజు ఏదీ మరిచిపోలేదు.

నమాజు నుంచి తిరిగొచ్చి ముందు పాసు దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. "రాప్పా పాసూ, ఇంగ నాకు. పోనూ వద్దు గానీ, రానూ పర్వాల్యా. ఇంటికి పోయి మార్చుకుంటా." అది మీద పడి నాకుతుంటే తల నిమురుతూ, "నేనే నోరు తెరిసి చెప్పింటే అయిపోయేది," అన్నాడు.

"నువ్వు చెప్పాల్సింది గాదప్పా, నేను అడగాల్సింది. ముప్పై ఒక్క ఏండ్లు బస్సెక్కిన ప్రతి మనిషినీ యాడికి పోతాండావని అడిగినా. తానం జేసి తెల్లబట్టలేసుకోని నువ్వు నా ముందర పోతాంటే, నిన్నొక్కన్ని అడగల్యా," అన్నాడు ఈరప్ప.

హుసేనప్ప మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

"ఆ ఫోము పరుపు మీద ఎండకాలం పండుకో, తెలుస్తాది నీకు," అని, ఈరప్ప చేతిలోని గంటతాడును పట్టుకుని రెండుసార్లు లాగాడు.

"రైట్ రైట్!" అన్నాడు ఈరప్ప. పాసు ముందు నడిస్తే ఇద్దరూ టీ తాగడానికి బయల్దేరారు.