చిలక బాలింత

పిల్లల్ని తీసేశాక పంజరంలో పడే నిశ్శబ్దమంటే నాకు భయం. కడియంలో మా నర్సరీ పందిరి కింద కన్యూర్ అనే విదేశీ చిలుకల జంట ఒకటి ఉండేది. చేత్తో తినిపించి మచ్చిక చేద్దామని వాటి పిల్లల్ని వంటింట్లోకి తెచ్చేశాను. మగది మొదట గూటిపెట్టె దగ్గరే తిరుగుతూ అరిచింది. తర్వాత అరుపు మాని ఆడదాని వెంటపడి, మెడ మీద ఈకలు పీకడం మొదలుపెట్టింది.

మళ్లీ గుడ్లు పెట్టమని దాని తొందర. ఆడది చిక్కి సగమైంది. ఇప్పుడే గుడ్లకొస్తే దాని ప్రాణం మీదికొస్తుంది. అందుకే గూటిపెట్టె తీసేశాను. వెలుగు ఎక్కువసేపు ఉంటే గుడ్లకొస్తాయని, పొద్దు వాలకముందే పంజరం మీద గుడ్డ కప్పేదాన్ని. మెత్తటి తిండి దొరికితే పిల్లల కాలం వచ్చిందనుకుంటాయని, మొలకలు, ఉడికించిన గుడ్డు ఆపేసి ఎండు గింజలే పెట్టాను.

మా అత్తగారికి ఇది బొత్తిగా నచ్చలేదు.

"బాలింత అమ్మాయ్ అది! పిల్లల్ని లాక్కున్నావు, కడుపు కూడా మాడుస్తావేంటి?"

"అది మనిషి కాదండీ అత్తయ్యగారూ. మీరు పంజరం జోలికి రాకండి చాలు."

ఆవిడ మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

కొద్దిరోజులకు ఈకలు పీకడం ఆగింది. రెండూ ఒరుసుకుని కూర్చునేవి. సర్దుకున్నాయనుకుని మురిసిపోయాను. ఒకరోజు పంజరం కడుగుతుంటే అడుగున పచ్చటి పెసర పొట్టు కనిపించింది. నేను మొక్కలకు నీళ్లు పెట్టే వేళ చూసుకుని అత్తగారు రోజూ మొలకలు పెడుతున్నారు.

మర్నాడు ఆడది పంజరంలో కొమ్మ దిగి, ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుంది. తోక ఎగరేస్తూ ముక్కుతోంది, గుడ్డు రావడం లేదు. ఫోన్ చేస్తే పశువుల డాక్టరుగారు వెచ్చగా ఉంచి వెంటనే తీసుకురమ్మన్నారు. అట్టపెట్టెలో గుడ్డలు పరిచి బయల్దేరబోతుంటే, గుమ్మంలోనే నా చేతుల్లో మెడ వాల్చేసింది.

"బాలింత కదా అనే పెట్టానమ్మా," అన్నారు అత్తగారు. ఆవిడ మీద కోప్పడబోయి ఆగిపోయాను. ఏడుపొచ్చింది.

ఆ హడావిడిలో వంటింటి తలుపు ఎవరమూ వేయలేదు. పిల్లలు ఆకలికి కీచుమన్నాయి. పందిరి కింద మగది ఆ గొంతులు విని బిగ్గరగా పలికింది. గూటిపెట్టె ఉండే మూలకు ఎగబాకి, ఖాళీ చువ్వల్ని ముక్కుతో పొడవసాగింది. నేను చేతులు కడుక్కుని పిల్లలకు మేత కలిపాను.