పన్నెండు నూరువరహాల పొదలు, శనివారపు కత్తెర

జూన్, రెండవ శనివారం: పార్కు గోడ వెంట నేను నాటిన నూరువరహాల పొదలను, కొనలు మొగ్గ తొడిగిన దశలో, నడుము ఎత్తుకు కత్తిరించారు. ముందుగా తెలియజేయలేదు.

జూలై, మూడవ శనివారం: మళ్లీ అదే ఎత్తుకు, ఈసారి దారం కట్టి మరీ కత్తిరించారు.

ఆగస్టు, చివరి శనివారం: మూడవసారి. తెగిన మొగ్గలను చెత్తబండిలోకి ఎత్తుతుండగా కళ్లారా చూశాను.

ఇవి నా నోటుపుస్తకంలోని నమోదులు. ఇబ్రహీంపట్నం శివార్లలోని మా కాలనీకి ఇంకా అన్ని ప్లాట్లూ అమ్ముడుపోలేదు. ఆదివారాలు కొనుగోలుదారుల బస్సులు వస్తాయి. అందుకని శనివారాలు చెట్లకు క్షవరం జరుగుతుంది.

నాకు అసలు కావలసింది వైబర్నమ్ అనే పూలపొద. ఉద్యోగ విరమణ చేసిన యేడు, ఒక చల్లని కొండ ఊరిలో మేము బస చేసిన అతిథిగృహం ముందు ఆ పొదను చూశాం. దోసిలి నిండేటంత తెల్లని పూలబంతులు, ఆకు కనబడలేదు. నా భార్య దాని ముందు నుంచి కదలనన్నది. తిరిగి వచ్చాక, మహేశ్వరం దారిలో ఉన్న నర్సరీ యజమానికి ఫొటో చూపించాను.

“గిది చలి దేశపు చెట్టు సారూ, మన ఎండకు నిలువది. తెల్ల నూరువరహాలు తీస్కపోండ్రి. గుత్తి గిట్లనే ఉంటది, జర చిన్నగ.”

“పూయకపోతే?”

“నన్ను కూడ కుండిల పెట్టి అమ్ముకోండ్రి.”

పన్నెండు పొదలకు ఇంటి ఆవరణలో చోటు చాలదు. ఎదుటి పార్కు గోడ వెంట నాటుకొమ్మని కాలనీ కమిటీ కార్యదర్శి నోటిమాటగా అనుమతించాడు. కాగితం అడగకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

మొదటి యేడు ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిచాయి. బోరు నీటిలోని సున్నం ఈ జాతికి పడదని ఆలస్యంగా గ్రహించాను. డాబా మీది వాననీటిని డ్రముల్లో పట్టి పోశాను, కుళ్లిన ఆకుల ఎరువు వేశాను, ప్రతి పొద రంగునూ వారం వారం రాసుకున్నాను.

“నాకు జరమొస్తె ఒక్క ముక్క రాయవు గని, ఆకు పసుపైతె రెండు పేజీలు రాస్తవ్,” అన్నది నా భార్య.

రెండవ యేటికి ఆకులు నిగనిగలాడాయి. ఈ పొద కొమ్మ కొసనే పూస్తుంది. కొస తెగితే పక్క నుంచి కొత్త చిగురు వచ్చి, మళ్లీ మొగ్గ కట్టడానికి వారాలు పడుతుంది. మొగ్గ కట్టే వేళకు మళ్లీ కత్తెర వస్తుంది.

మూడవసారి కోస్తున్న రోజున తోటపని చేసే ఆవిడను నిలదీశాను.

“మొగ్గలు కనిపిస్తలేవా అమ్మా?”

“కనిపిస్తయ్ బాపు. కొయ్యకుంటే నా మీద గరమైతరు. నీకు రాసే పని, నాకు కోసే పని.”

ఆమెతో వాదించి లాభం లేదని కార్యదర్శి దగ్గరకు వెళ్లాను.

“సాపుగుంటెనే కాలనీ మంచిగ కనవడ్తది సారూ. ఫికర్ చేయకుండ్రి, మల్ల పెరుగుతయ్.”

“పెరుగుడు కాదు, పూసుడు కావాలె.”

“అయితే రాసియ్యుండ్రి, చూస్తం,” అని ఫోను చెవికి పెట్టుకున్నాడు.

సెప్టెంబరులో గాలివాన కొట్టింది. గోడ చివర, ప్లాట్లు అమ్ముతామని వేసవిలో కట్టిన పెద్ద ఫ్లెక్సీ చిరిగి పడింది. మరునాడు పొద్దున్నే తోటపనామె మా గేటు కొట్టింది.

“బాపూ, జల్ది రా! అమ్మను కూడ తీస్కరా.”

ఫ్లెక్సీ వెనుక చిక్కిన, ఎండిపోయి ఉంటుందనుకుని నేనూ చూడడం మానేసిన పన్నెండవ పొదకు మూడు నెలలుగా కత్తెర అందలేదు. పక్క నుంచి పడే వెలుతురుకే అది నిండా పూసి ఉంది. తెల్లని గుత్తులు, వాటి మీద వాన చుక్కలు. నా భార్య వంగి ఆకులను పక్కకు తొలగించింది. తరువాత ఒక గుత్తిని కోయకుండానే అరచేతిలోకి తీసుకుని, “గిది చిన్నగున్నదని ఎవరన్నరు?” అన్నది.

తోటపనామె కత్తెరను కింద పెట్టేసింది. “దీన్ని నేనైతె కొయ్య. ఎవరన్న అడిగితె నువ్వే చెప్పు.”

ఆ ఆదివారం బస్సు దిగిన రెండు కుటుంబాలు ప్లాట్ల హద్దురాళ్ల కంటే ముందు ఆ పొద దగ్గర నిలబడి ఫొటోలు తీసుకున్నాయి. కార్యదర్శి ఆ ఫొటోలు తానే తీసిపెట్టాడు. అది కూడా నమోదు చేశాను.

మిగిలిన పదకొండు పొదలూ ఇవాళ మొగ్గ మీద ఉన్నాయి. ఎల్లుండి శనివారం. కార్యదర్శి రాసి ఇమ్మన్నాడు కనుక, రాసి ఇస్తున్నాను:

కాలనీ కమిటీ కార్యదర్శి గారికి. పై పదకొండు పొదలు పూసి, పూలు వాడే వరకు వాటిని కత్తిరించబోమని గానీ, కత్తిరించదలిస్తే ఏ తీర్మానం ప్రకారమో, ఎవరి ఆజ్ఞ మీదనో గానీ, రేపు శుక్రవారం సాయంత్రంలోగా సంతకంతో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటను సమాధానంగా స్వీకరించను.