గోడ వైపు తిరిగి చెప్పిన పాఠం

మొయినాబాద్ దగ్గరి మా బడిలో నేను తొమ్మిదో తరగతికి సైన్స్ చెబుతాను. పిల్లలు పాఠాలను రీల్స్‌గా చేసి పెట్టడానికి తరగతి పేరుతో ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచాను. క్లాసులో నోరు విప్పని అనిత, మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో గలగలా చెప్పి నిన్న వీడియో పెట్టింది. ఊరంతా చూశారు.

ఈ రోజు అదే పాఠం క్లాసులో చెప్పమంటే తల దించుకుంది.

"అంతమంది చూశారు కదమ్మా, ఇక్కడ భయమెందుకు?" అన్నాను.

"వాళ్లు నాకు కనబడరు గద మేడం. ఇక్కడైతే అందరు కనబడుతరు. గోడ దిక్కు తిరిగి చెప్పనా?"

సరేనన్నాను. తడబడకుండా మొత్తం చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టినా ఇటు తిరగలేదు.

నేను ఆ పిల్లకు మాట్లాడటం నేర్పానా, దాక్కోవడం నేర్పానా? సాయంత్రం నుంచి ఎటూ తేలడం లేదు. టీచర్లెవరైనా ఉంటే చెప్పండి, రేపు ఇంకో వీడియో చేయమననా, వద్దా?