మామ మొక్కు, నా గుండు

ఎనభైల మొదట్లో పై చదువుకు లండన్ వెళ్లాను. మాది చంద్రగిరి. నాకు అక్కడ సీటు వస్తే తలనీలాలు ఇస్తానని మా మేనమామ కొండకు మొక్కుకున్నాడు. ఇస్తానన్నది తనవి కాదు, నావి.

"వద్దు మామా, పాస్‌పోర్టు ఫొటోలో జుట్టుండాది," అన్నాను.

"జుట్టును సూసి సదువు సెప్తారా అబ్బా? కూసో," అని ప్రయాణానికి రెండు రోజుల ముందు గుండు గీయించాడు.

లండన్‌లో దిగగానే అధికారి ఫొటోనూ నా గుండునూ మార్చి మార్చి చూసి, నన్నొక గదిలో పెట్టి తలుపేశాడు. ఆ తలుపుకు లోపలివైపు పిడి లేదు. వెనక్కి పంపేస్తారేమో, సీటు పోతుందేమోనని భయపడ్డాను. వచ్చిన ఇంగ్లీషులో మొక్కు గురించి చెబితే ఇద్దరు అధికారులు నవ్వి వెళ్లిపోయారు.

మూడు గంటల తర్వాత ఒకామె వచ్చింది. పాస్‌పోర్టులో నా గుర్తుల దగ్గర 'తల మీద ఎడమవైపు మచ్చ' అని ఉండటం చూసి, నా తల వంచి మచ్చ తడిమి, వదిలిపెట్టింది. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతూ మామ కొట్టిన కర్రబిళ్ళ తగిలిన దెబ్బ అది.

రెండేళ్లకు ఇంటికొచ్చి మామను నిలదీశాను.

"నేను కొట్టబట్టి మచ్చుండాది. గుండు గీయించబట్టి అది బయటపడె. దండం పెట్టాల్సింది పోయి తగువుకొచ్చినావా అప్పా?" అన్నాడు. పక్కనున్న మా నాయన కూడా నవ్వాడు.

గదిలో నవ్విన ఆ ఇద్దరినీ నేను మరవలేదు. ఈనాటికీ జేబులో దువ్వెన పెట్టుకుని తిరిగే మామను అస్సలు మరవలేదు.