సాల్మన్ మాస్టారి తుంటి సాక్ష్యం

సాల్మన్ మాస్టారు వంగడం మానేశారన్న సంగతి అందరికంటే ముందు ఆయన బూట్లకు తెలిసింది. ఇన్నేళ్లుగా పొద్దున్నే లేసులు బిగించి కట్టుకుని, బడిపిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి, ఉన్నట్టుండి బూట్లను మంచం కింద వదిలేసి హవాయి చెప్పులతో స్కూలుకు బయలుదేరారు. ఆ తర్వాత తెలిసింది ఆయన భార్య జయకుమారికి. స్నానాల గదిలో కింద పడిన సబ్బును కాలివేళ్లతో పట్టి పైకి తీయబోతూ ఆయన ఆమెకు దొరికిపోయారు.

"ఏవండీ, సబ్బుతో ఏంటా ఆటలు?"

"వ్యాయామం."

"వ్యాయామానికి కళ్లల్లో నీళ్లెందుకొచ్చినయ్?"

"సబ్బు పడింది కళ్లల్లో."

"సబ్బు ఇంకా కిందే ఉంది గదండీ!"

మాస్టారు నల్లపాడు దగ్గర ఒక ఎయిడెడ్ స్కూల్లో వ్యాయామోపాధ్యాయుడు. వయసు యాభై దాటింది. పడుచుతనంలో జిల్లా పవర్ లిఫ్టింగ్ పోటీల్లో గెలిచిన కప్పు ఇంట్లో టీవీ పక్కన ఉంది. అందులో జయకుమారి సూదులూ దారపు ఉండలూ పెట్టుకుంది. కప్పు ఆమె వశమైనా బరువులు మాత్రం ఆయన వదల్లేదు. ఆటసామాన్ల గదిలో ఒక మూల రాడ్డు, ఇనప ప్లేట్లు పెట్టుకుని బడి వదలగానే అక్కడికి చేరేవారు. ఇంట్లో గ్యాసు సిలిండరు ఎత్తేది మాత్రం జయకుమారే. "అదీ ఇనుమే గదండీ" అని ఆమె అడిగితే, "దానికి పట్టు సరిగా ఉండదు" అని శాస్త్రం చెప్పేవారు.

ఇక నొప్పి సంగతి. అది గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే ప్యాసింజరు బండి లాంటిదని భార్యకు ఆయనే వివరించారు. తుంటి దగ్గర, అంటే గుంటూరులో, బయలుదేరుతుంది. తొడ వెనక నరసరావుపేటలో ఆగుతుంది. పిక్కలో, వినుకొండ దగ్గర, చాలాసేపు నిలబడిపోతుంది. ఒక్కోసారి మధ్యలో ఎక్కడా ఆగకుండా చిటికెన వేలు దాకా, అంటే మార్కాపురం దాకా, దూసుకుపోతుంది. డాక్టరు దీన్ని సయాటికా అన్నాడు. నడుములో డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందని, కొన్నాళ్లు బరువుల జోలికి వెళ్లవద్దని చెప్పాడు. స్టాఫ్ రూములో తెలుగు పండితుడు వావిలాకు కాపడం అన్నారు. లెక్కల మాస్టారు ఇసుక మూట అన్నారు. మార్టూరులో నరం తొక్కే మనిషి ఉన్నాడనీ, గ్రానైటు పలకలెత్తి నడుములు పోగొట్టుకున్నవాళ్లంతా ఆయన కాళ్ల కిందికే వెళతారనీ అటెండరు చెప్పాడు. బరువులు మానెయ్యమన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. మాస్టారికి రుచించనిదీ ఆ ఒక్క మాటే.

ఆ పరిస్థితుల్లో జయకుమారి ఆయన్ను శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకువెళ్లింది.

ఆ రోజు ప్రార్థన పొడుగ్గా సాగింది. సంఘమంతా నిలబడి చేతులు పైకెత్తింది, మాస్టారూ ఎత్తారు. పాస్టరు మరియదాసు అయ్యగారు ఆయన నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థించారు. కాసేపటికి మాస్టారు కాలు తడుముకుని చూసుకుంటే నొప్పి లేదు. మార్కాపురంలో లేదు, వినుకొండలో లేదు, అసలు గుంటూరులోనే లేదు. "సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అయ్యగారు అడగ్గానే, ఆనందం పట్టలేక ముందుకు నడిచి మైకు అందుకున్నారు.

"నా తుంటి నొప్పి పోయింది! సంపూర్ణంగా పోయింది!"

సంఘం హల్లెలూయ అంది. సంఘపెద్ద, మాస్టారి చిన్ననాటి స్నేహితుడు జయపాల్, ఆ ఊపులో లేచాడు. "అయితే ఈసారి కోతపండక్కి టిక్కీ మళ్లీ మా సాల్మనే మోస్తాడు!" అని ప్రకటించాడు.

టిక్కీ అంటే ఎండుమిరపకాయల బస్తా. ఆ సంఘంలో ఆచారం ఏమిటంటే, మొదటి కోత మిరపకాయలు ఎండి బస్తాలకెక్కాక, తొలి టిక్కీని ఒక మనిషి గేటు దగ్గర భుజానికెత్తుకుని, గుడి మధ్యగా నడిచి, ముందున్న ప్రభువు బల్ల దగ్గర దించాలి. ఆ నడకంతా గాయక బృందం ఒక పాట పాడుతుంది. పాట పూర్తయ్యేదాకా టిక్కీ నేలను తాకకూడదు. మోసేవాడు మాస్టారైతే బృందానికి ఆయన మీద అభిమానం కొద్దీ పల్లవి మళ్లీ మళ్లీ ఎత్తుకునే అలవాటు ఉంది. ఏళ్ల తరబడి అది ఆయన మోతే. ఊళ్లో ఆయనకున్న పేరంతా ఆ బస్తా మీద నిలబడి ఉంది. ఇప్పుడు దానికి తోడు సాక్ష్యం కూడా ఎక్కి కూర్చుంది.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ మాస్టారు ఆ సాయంత్రమే ఆటసామాన్ల గదికి వెళ్లి, తలుపు వేసుకుని, రాడ్డుకు ప్లేట్ల మీద ప్లేట్లు తగిలించి, అద్భుతాన్ని పరీక్షించారు.

మర్నాడు పొద్దున ఆయన మంచం దిగిన పద్ధతి చూస్తే, మంచమే ఆయన్ను దించిందని చెప్పాలి. అయినా జయకుమారి ఎదుట నవ్వుతూ నడిచారు. ఇక కుంటితే అయ్యగారి ప్రార్థనకు మాట వస్తుంది. టిక్కీ మొయ్యనంటే తన సాక్ష్యం అబద్ధం. బరువులు మానేస్తే తను మాస్టారే కాదు. ఈ మూడింటినీ ఒకే తుంటి మీద మోస్తూ, ఎవరికీ చెప్పకుండా గుంటూరులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కు వెళ్లారు.

అక్కడి ఫిజియోథెరపిస్టు నజ్మీన్ ఆయన్ను చూసి లేచి నిలబడింది.

"నమస్తే సార్. నన్ను గుర్తుపట్టారా? మీ స్కూలే. లేటుగా వచ్చానని గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాళ్లు."

మాస్టారికి గుర్తురాలేదు. ఆయన పరిగెత్తించిన పిల్లలు చాలామంది. "కాలు కొంచెం చూడమ్మా" అన్నారు మెత్తగా.

ఆమె పడుకోబెట్టి కాలు ఎత్తింది, మోకాలు మడిచింది, పాదం నొక్కింది, దగ్గినా తుమ్మినా లాగుతోందా అని అడిగింది. శుక్రవారం ప్రార్థన కథంతా విని, ఆ సాయంత్రం కథ కూడా రాబట్టింది.

"దేవుడు తన పని తను చేశాడు సార్. మీరే చెడగొట్టుకున్నారు. ఎంత ఎత్తారు?"

"నూటెనభై."

"కిలోలా?"

"మరి గ్రాములా అమ్మా?"

నజ్మీన్ ఒక నిమిషం తల పట్టుకుంది. తర్వాత చెప్పిన మాటకు మాస్టారు లేచి ఆమెను ఆశీర్వదించబోయారు. బరువులు పూర్తిగా మానక్కర్లేదట. మంచం పట్టడం అసలే పనికిరాదట. నడవాలి, పొద్దున లేవగానే వంగకూడదు, నడుము కాకుండా తుంటి దగ్గర మడిచి వంగడం నేర్చుకోవాలి. పాదం మొద్దుబారితే, పట్టు తప్పితే వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. "ఇక బరువంటారా, ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టండి."

ఆశీర్వదించబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఖాళీ రాడ్డా? ఎవరన్నా చూస్తే?"

"చూస్తే చూడనీయండి సార్. గ్రౌండులో నేను పరిగెత్తుతుంటే స్కూలంతా చూడలా?"

మాస్టారు సరేనన్నారు. కోతపండుగ బస్తా సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని ఆయనకు తెలుసు.

అప్పటి నుంచి ఆయన రోజూ తలుపు వేసుకుని ఖాళీ రాడ్డును, దొంగసొత్తు ఎత్తుతున్నవాడిలా, చప్పుడు కాకుండా ఎత్తి దించారు. కొన్ని వారాలకు బండి మార్కాపురం వెళ్లడం మానేసింది. మరికొన్నాళ్లకు నరసరావుపేట దగ్గరే వెనక్కి తిరగసాగింది. నొప్పి పాదం వదిలి పైకి జరగడం మంచి గుర్తేనని నజ్మీన్ అంది. మాస్టారు రాడ్డుకు రెండు చిన్న ప్లేట్లు తగిలించుకుని, ఆ రాత్రి కడుపునిండా భోంచేశారు.

కోతపండుగ వచ్చింది. గుడి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. గేటు దగ్గర టిక్కీ. తెల్ల చొక్కా వేసుకుని మాస్టారు దాని ముందు నిలబడితే, జయపాల్ వీపు తట్టాడు.

"ఏరా, చూపించు నీ దెబ్బ!"

మాస్టారు నేర్చుకున్న పద్ధతి తప్పలేదు. మోకాళ్లు మడిచారు, నడుము నిలిపారు, బస్తాను గుండెకు హత్తుకుని లేచారు, భుజం మీదికి జరుపుకున్నారు. నొప్పి లేదు. పాట మొదలైంది. ఆయన నడిచారు. మొదటి చరణం దాటింది. బృందం అభిమానం కొద్దీ పల్లవికి వెనక్కి వెళ్లింది. అదీ దాటింది. అయితే మిరపకాయల ఘాటుకు మగవాళ్ల వరసలో ఎవరో తుమ్మారు. దానికి ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో తుమ్ము జవాబు చెప్పింది. ఆ పరంపర వరసవరసగా ముందుకు వచ్చి, చివరికి, భుజం మీద బస్తా, ముక్కు పక్కనే దాని నోరు ఉన్న మనిషిని చేరింది.

మాస్టారు తుమ్మారు.

తుమ్మి, ఉన్నచోటే నిలిచిపోయారు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి, కళ్లు పైకప్పు మీద. అయ్యగారు దాన్ని భక్తిపారవశ్యం అనుకుని తనూ కళ్లు మూసుకున్నారు. మాస్టారు బల్ల దాకా రాలేదు కాబట్టి బృందం మూడోసారి పల్లవి ఎత్తుకుంది. సంఘం పరవశించింది. జయకుమారి ఒక్కతే పరవశించలేదు. లేచి వచ్చి ఆయన చెవి దగ్గర అడిగింది.

"ఎక్కడ? నరసరావుపేటా?"

"మార్కాపురం" అన్నారు మాస్టారు, పెదవులు కదపకుండా.

"నాకు తెల్సు మీరు దాస్తున్నారని! దించండి. ఈ చివర నేను పట్టుకుంటా."

"పాట అవలేదే."

జయపాల్ అప్పటికే పరుగున వచ్చాడు. "చెల్లెమ్మా, ఏంటిది? పాట అయిందాకా దించగూడదు!"

"అయితే పాట ఆపించు అన్నా! ఆపితే అయిపోయినట్టే గదా!"

ఆచారానికి ఇలాంటి దారి ఒకటుందని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. బృందం సగం మాట మీద ఆగిపోయింది. మొగుడూ పెళ్లాం చెరో వైపూ పట్టి టిక్కీని గుడి నడిమధ్యన దించారు. మాస్టారు మైకు అడిగి తీసుకున్నారు.

"అయ్యగారూ, ప్రార్థన చేసిన రోజు నొప్పి నిజంగానే పోయిందండీ. అందులో అబద్ధం లేదు. ఆ సాయంత్రమే నేను పోయి నూటెనభై కిలోలు ఎత్తాను."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ గొంతు వినిపించింది. "ఎందుకయ్యా?"

"పోయిందో లేదో చూద్దామని."

గుడిలో ఎవరూ నవ్వలేదు. ముందుగా నవ్వింది అయ్యగారే. ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇక ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. నవ్వుకు మిరప ఘాటు తోడై సగం సంఘం తుమ్ముతూ నవ్వింది. ఆ గోలలోనే జయకుమారి, జయపాల్ టిక్కీని మోసుకెళ్లి బల్ల ముందు పెట్టారు. మాస్టారు ఖాళీ చేతులతో వెనకే నడిచారు. అంత దూరం ఖాళీ చేతులతో నడవడం ఆయనకు అదే మొదటిసారి.

మర్నాటి నుంచి ఆయన తలుపు తెరిచే బరువులు ఎత్తుతున్నారు. అంత చిన్న ప్లేట్లు చూసి నవ్వినవాళ్లకు, తుంటి దగ్గర ఎలా మడవాలో పిలిచి చూపించారు. రెండోసారి నవ్వడానికి ఎవరూ రాలేదు.

శుక్రవారం ప్రార్థనలో సాక్ష్యాలకు పిలుపు వచ్చినప్పుడు జయకుమారి లేచింది.

"మా ఆయనకి నొప్పి తగ్గలేదు. తగ్గుతా ఉంది. బరువులు ఆయన మానలేదు, మానేట్టు లేడు, గుంటూరులో ఆయన కాలు చూస్తున్న అమ్మాయి మానక్కర్లేదంది. నడుము సంగతి ఆమె చూసుకుంటది. మీరంతా ఆయన బుద్ధి కోసం ప్రార్థన చెయ్యండి."

"ఆమేన్" అని మొట్టమొదట అరిచింది జయపాల్. అయ్యగారు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. కూర్చుంటే లాగుతుందని వెనక గోడ దగ్గర నిలబడిన మాస్టారు, ముగిసిందేమోనని రెండుసార్లు కళ్లు తెరిచి చూశారు. ఆయన నడుము కోసం చేసిన ప్రార్థన కంటే ఇది చాలాసేపు సాగింది.