గురకకు రెండో బేరం

మంగళవారం ఉదయం ఏడు ఇరవైకి నేనూ నా భార్య సరోజా తాండూరు స్టేషన్‌కు చేరాం. నాకు గురక ఉందని వీధి వీధంతటికీ తెలుసు. దానికో జబ్బు పేరుందని మాత్రం పోయిన నెలే తెలిసింది. తాండూరు డాక్టరు ఒక రాత్రి పరీక్ష చేయించి, నిద్రలో గంటకు పదకొండుసార్లు ఊపిరి ఆగుతోందని, ఇది మైల్డ్ స్లీప్ ఆప్నియా అని, ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఊదే మిషన్ వాడితే మంచిదని రాశారు. నేను ముప్పై ఏళ్లుగా కమీషన్ మీద కందులు అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడుపుతున్నాను. మొదట చెప్పిన మాటకు ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు. ముఖానికి తొండం కట్టుకుని పడుకోవడం అసలే లేదు. అందుకే వికారాబాదులో మరో డాక్టరుకు చూపించుకుందామని ప్రయాణం కట్టాను.

వెళ్లాలనుకునేవారికి ఒక సలహా. పొద్దుటి ప్యాసింజర్లో ఎడమవైపు కూర్చోండి, ఎండ పడదు. గాలి కూడా బాగా వస్తుంది. రుక్మాపూర్ దాటగానే నిద్రపోయానట. ధారూర్‌లో కళ్లు తెరిస్తే, ఎదుటి సీట్లో మర్పల్లికి బిడ్డ ఇంటికి పోతున్న మహబూబ్ చాచా నన్నే చూస్తున్నాడు.

"ఏం సేట్, నడుమల ఊపిరి బందైంది గదా. నేను మస్తు పరేషాన్ అయిన," అన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి చాచా, మల్ల షురూ అయితది," అంది సరోజ, ఆయనకో జొన్నరొట్టె అందిస్తూ.

ఎనిమిదిన్నరకు వికారాబాదులో దిగి ఆటో పట్టుకున్నాం. ఆసుపత్రిలో చీటీ రాయించుకుని కూర్చుంటే పదకొండుకు పిలుపొచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి.

"పాత రిపోర్టు ఇవ్వండి."

"లేదు మేడం," అన్నాను.

కావాలనే ఇంట్లో పెట్టి వచ్చాను. మార్కెట్లో మొదటి వ్యాపారి పెట్టిన ధర రెండోవాడికి చెప్తే, వాడు దాని చుట్టూనే తిరుగుతాడు.

"రిపోర్టు లేకుండా రెండో అభిప్రాయం దేని మీద చెప్పాలండీ?"

సరోజ సంచిలో చెయ్యి పెట్టి, రొట్టెల డబ్బా కింది నుంచి రిపోర్టు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఉల్లికారం మరక ఉంది.

"పదకొండు," అని చదివింది డాక్టరమ్మ.

"తొమ్మిదికి తెండి మేడం, పని అయిపోతది," అన్నాను అలవాటు కొద్దీ.

ఆమె నవ్వింది. "అది మీరే తగ్గించాలి. బరువు తగ్గండి, పక్కకు తిరిగి పడుకోండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం. మిషన్ ఇప్పుడే తప్పనిసరి కాదు. వాడితే మంచిదే. పగలు నిద్రొస్తుందా?"

"రాదు."

"కందుల బస్తాల మీద, బేరం నడుమల్నే పండుకుంటడు మేడం," అంది సరోజ.

"ఊపిరి ఆగినట్టు మీకెలా తెలుస్తుందమ్మా?"

"సప్పుడు బందైతది గదా. బందు కాంగనే పక్కల పొడుస్త. రెండేండ్ల సంది గదే పని."

రెండేళ్లుగా నా పక్కటెముకల నొప్పికి నేను మంచాన్ని తిడుతున్నాను.

"మరి మీరెప్పుడు నిద్రపోతారు?"

"నా సంగతెందుకు మేడం, ఆయన్ది చూడుండ్రి."

బేరంలో నేనే గెలిచానని స్టేషన్ ముందు మిర్చిబజ్జీ, చాయ్ ఇప్పించాను. సరోజ ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. నాలుగు పదికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గొడంగూడ రాకముందే ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, కళ్ల కింద నల్లటి చారలు. మిషన్ వద్దని నేను గెలిస్తే, ఇంకో మూడు నెలల కాపలా ఆమెకు పడిందన్నమాట. నాకు చాలా సిగ్గేసింది. చాయ్ అతను అరుచుకుంటూ వస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"తాండూరు బంత్రీ, ఇళీరి," అని కన్నడంలో దిగమన్నాడు పక్కనున్న సేడం ప్రయాణికుడు.

"తెలుసన్నా. జర పండుకోనియ్," అన్నాను. టికెట్టు తాండూరు వరకే. బండి కదిలింది.

సేడంలో కుదుపుకు లేచింది సరోజ. "తాండూరు వచ్చిందా?"

"వచ్చింది. పోయింది గూడ."

"మరి లేపొద్దా?"

"మనసొప్పలే. మిషన్ తెచ్చుకుందాం సరోజా. ఆ మొదటాయన చెప్పిందే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "బేరం ఆడవా?"

"ఆడను."

దిగి, కన్నడ బోర్డు కింద బెంచీ మీద కూర్చున్నాం. తిరుగు బండి గంట లేటని చెప్పాడు పోర్టరు. ముప్పై ఏళ్లలో ఎన్నో ఊళ్లు తిరిగాను, కావాలని మా ఊరు దాటిపోయింది ఇదొక్కసారే.

"గంటనా?" అంది సరోజ. "అయితే ఇంకింత పండుకుంట," అని నా భుజం మీద తల పెట్టింది.